డోలీని దాటి ఎవరూ పోరు

నా చిన్నప్పుడు మా కొండల్లో ఒక కట్టుబాటు ఉండేది. నడిచే దారిలో డోలీ కనబడితే, మనం మోస్తున్న బరువు దించేసి ఆ కర్ర కింద భుజం పెట్టాల్సిందే. డోలీ అంటే పెద్ద వస్తువేమీ కాదు. ఒక గట్టి వెదురు కర్ర, దాని రెండు కొసలకీ ముడేసిన దుప్పటి, అందులో నడవలేని మనిషి. ముందొకరు, వెనకొకరు మోస్తారు. లోపల ఉన్నది మనవాళ్ళా, పై వాళ్ళా, ఏ దేవుణ్ణి కొలుస్తారు అని ముందు అడగకూడదు. ముందు భుజం, తరవాతే మాట. దించిన మూటను దారి పక్కన పెట్టి, దాని మీద ఒక పచ్చి కొమ్మ విరిచి పడేస్తే చాలు, వెనక్కి వచ్చేదాకా ఎవరూ దాన్ని ముట్టుకునేవారు కాదు. ఇప్పుడీ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నేను చెప్పడం మానను.

ఎందుకంటే ఈ కట్టుబాటును పట్టుకుని మా నాయనమ్మ ఒక క్రిస్మస్ నాడు పెద్ద నాటకమే ఆడింది. ఆ నాటకంలో నాకూ ఒక వేషం దొరికింది. అది వేషమని అప్పుడు నాకు తెలియదు.

మాది అరకులోయకి ఆవల, రెండు కొండలు దాటితే వచ్చే ఊరు. గాలి ఇటు తిరిగిన రోజున గూడ్సు బండి కూత మా వాకిట్లోకి వినిపించేది. మా ఇళ్ళలో మాట సగం ఒడియా, సగం తెలుగు. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. మా ఊళ్ళో ప్రభువును నమ్ముకున్న మొదటి నలుగురైదుగురిలో మా నాయనమ్మ ఒకతె. బాప్తిస్మం తీసుకున్నాక చుట్ట మానేసింది గానీ, నోరు మాత్రం మానలేకపోయింది. ఆమె వాకిట్లో కూర్చుని తిడితే పక్క కొండ మీద మేకలు తల తిప్పి చూసేవి.

ఆ ఏడు వానల్లో చోడి చేనులో కలుపు తీస్తూ, వాలు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఎముకలు కట్టే ఆయన వచ్చి వెదురు బద్దలు పెట్టి, ఆకు పసరు పోసి కట్టాడు. కట్టు విప్పాక చూస్తే కాలు అతకలేదు. పొలానికీ, నీళ్ళ కోసం గెడ్డకీ అందరికంటే ముందు పరిగెత్తే మనిషి అరుగు మీద కూలబడింది. పక్కకి ఒత్తిగిలాలన్నా పళ్ళ బిగువున దుప్పటి అంచు కరిచిపట్టుకునేది.

గెడ్డ అవతల ఉన్న మా చర్చికి అప్పుడప్పుడు మైదానం నుంచి ఒక పాస్టరుగారు వచ్చేవారు. చిన్న వయసు, మంచి మనిషి, మా కొండలెక్కి ఆయాసపడుతూనే పాటలు నేర్పేవారు. విశ్వాసంతో అడిగితే దేవుడు ఇస్తాడని ఆయన ఒకనాడు చెప్పారు. నేను ఆ మాట పట్టేసుకున్నాను. క్రిస్మస్ నాటికి నాయనమ్మ కాలు బాగు చెయ్యమని పొద్దున్నా సాయంత్రం మోకాళ్ళ మీద పడి అడిగాను. అడిగి ఊరుకున్నానా? క్రిస్మస్‌కి మా నాయనమ్మ నడిచి వస్తుందని ఊళ్ళో పిల్లలందరికీ చాటింపు వేశాను.

రోజూ లేవగానే ఆమె కాలు నొక్కి, తగ్గిందా అని అడిగేదాన్ని. "ఏటి తగ్గడం? నొప్పికే నా మీద మనసైపోనాది, ఒదిలి ఎల్నంటంది" అనేది. ఆమె నవ్వేది, నాకు మాత్రం ఏడుపొచ్చేది.

క్రిస్మస్ దగ్గరపడింది. కాలు అలాగే ఉంది. పిల్లలు ఊరుకుంటారా? మీ నాయనమ్మ బయల్దేరిందా అని నన్ను ఆటపట్టించడం మొదలెట్టారు. నాకు దేవుడి మీద ఎక్కడలేని కోపం వచ్చింది. అమ్మ కుట్టించిన కొత్త గౌను మూలకి విసిరికొట్టి, నేను క్రిస్మస్‌కి రానని, ఇక ప్రార్థన కూడా చెయ్యనని నాయనమ్మ ముందే చెప్పేశాను. దేవుడికి మన ఊరు కనపడదా అని కూడా అడిగాను.

ఆమె నన్ను తిట్టలేదు. నన్ను దగ్గరికి లాక్కుని, జుట్టులో వేళ్ళు పెట్టి దువ్వుతూ, "నాకూ ఆ అనుమానం వొస్తాదే గుంటా, అప్పుడప్పుడు. ఓపాలి ఎల్లి అడిగి సూద్దాం. నువ్వు నేకుండా నేనెల్లను" అంది. అంత పెద్ద మనిషికి నాతో అంత అవసరం ఉందంటే నా కోపం సగం దిగిపోయింది. గౌను దులిపి వేసుకున్నాను.

ఇక్కడ మా తాత గురించి చెప్పాలి. అంటే మా నాయనమ్మ తమ్ముడు. ఆయనది గెడ్డకి ఇవతలే, పక్క పల్లె. అక్కాతమ్ముళ్ళు ఒకప్పుడు ఒకరిని విడిచి ఒకరు ఉండేవారు కాదట. మా వైపు అక్కను అప్పా అంటారు, ఆయన అప్పా అప్పా అంటూ ఆమె కొంగు పట్టుకునే తిరిగేవాడట. ఆయన ఇంట్లో కొత్త కొర్రలు వండిన పండగ నాడు, ఇంటి ఆడపడుచు మొదటి ముద్ద తిన్నాకే మిగతావాళ్ళు తినాలి. బాప్తిస్మం తీసుకున్న ఏడు, దేవతకి పెట్టిన అన్నం తినకూడదని మా నాయనమ్మ ఆ పండగకి వెళ్ళలేదు. ఆయన చీకటి పడేదాకా గుమ్మంలో కూర్చుని చూశాడు. ఆ మర్నాటి నుంచి అక్కతో మాట లేదు. ఆమె పడిపోయిందని తెలిసినా చూడటానికి రాలేదు. "తినకపోతే తినకపోనాను, ఎల్లి కూకుని, తిననురా తమ్ముడా అని సెప్పి రావొల్సింది. అది సేతకానేదు నాకు" అని మా నాయనమ్మ ఆ తరవాత ఎన్నిసార్లు అనుకుందో. కాలు నొప్పికి ఎప్పుడూ ఏడవని మనిషి ఈ మాట అన్నప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకునేది.

ఆ ఏడు క్రిస్మస్ సంత రోజునే పడింది. ఊళ్ళో మగవాళ్ళంతా పందిరి వెయ్యడానికి ముందురోజే చర్చికి వెళ్ళిపోయారు. మిగిలింది మా నాన్న, పక్కింటి బాబాయి. తెల్లవారగానే ఇద్దరూ డోలీ కట్టారు. కొండ మీది అడ్డదారిన పోదామని, బేగి చేరతామని నాన్న అన్నాడు. నాయనమ్మ ససేమిరా అంది. గెడ్డ దారిన పోవాలంది. అది చుట్టు కదా, ఇద్దరమే మోయాలి కదా అని నాన్న మొత్తుకున్నాడు. ఆ అడ్డదారిలో రాళ్ళెక్కువ, కుదుపుకి నా ప్రాణం పోతాది, దారిలో భుజాలు అవే దొరుకుతాయి అని ఆమె దుప్పట్లో పడుకుని హుకుం వేసింది. తల్లి మాట, పైగా పండగ పూట. నాన్న గొణుక్కుంటూ కర్ర ఎత్తాడు.

మంచు ఎంతలా కురుస్తోందంటే ముందు మోస్తున్న నాన్న తలపాగా వెనకున్న బాబాయికి కనబడటం లేదు. అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని, నేను డోలీ అంచు పట్టుకుని నడిచాం. గెడ్డకి కాస్త ఇవతల, తాత పల్లె దారి వచ్చి కలిసే చోట ఒక వెడల్పాటి బండ ఉంటుంది. అక్కడికి రాగానే నాయనమ్మ దించమంది. ఊపిరాడటం లేదంది. దించారు. ఊపిరి బాగానే ఆడుతోంది, నేను పక్కనే ఉన్నాను కదా. ఆమె చెవులు రిక్కించి ఆ దారి వైపే వింటోంది. కాసేపటికి, ఇక పోదామని నాన్న అన్నాడు. మరి కాసేపు అంది. ఇంకాసేపటికి నాన్న మళ్ళీ అన్నాడు. కడుపులో తిప్పుతోందంది.

అంతలో మంచులోంచి కావిడి కిర్రుమన్న చప్పుడు వచ్చింది. అల్లం తట్టలు రెండువైపులా వేలాడుతూ, సంతకి పోతున్న మా తాత బయటపడ్డాడు. చటుక్కున నాయనమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కుని, ఎత్తమని నాన్నకి సైగ చేసింది.

ఆయన మా నాన్నను చూశాడు. మేనల్లుణ్ణి గుర్తుపట్టకుండా ఉంటాడా? డోలీలో ఎవరున్నారో ఆ క్షణంలోనే తెలిసిపోయింది ఆయనకి. అడుగు ఆగిపోయింది. నాన్న తల వంచుకున్నాడు. బాబాయి కర్ర కింద గట్టిగా ఒగర్చాడు, ఉన్న ఆయాసానికి మరికొంత కలిపి. ఆయన పక్కనుంచి వెళ్ళిపోతే మా నాయనమ్మ పండగ అక్కడితో అయిపోయినట్టేనని నాకు ఎవరూ చెప్పకపోయినా అర్థమైంది.

ఆయన మా వైపు చూడకుండా ఒక అడుగు వేశాడు. మళ్ళీ ఆగాడు. కావిడి దించాడు. దారి పక్కన పొద దగ్గరికి వెళ్ళి, ఫట్‌మని ఒక కొమ్మ విరిచాడు.

కొమ్మ విరిచాడంటే ఒప్పుకున్నట్టే. బాబాయి ఎంత చురుకైన మనిషో అప్పుడు చూడాలి. తాత ఆ కొమ్మ తట్టల మీద పడేసేలోపే వెనక కర్ర ఆయన భుజానికి అప్పగించి, కావిడి తన భుజానికెత్తుకుని, "సంత సరుకు ఇక్కడ ఒదిలెత్తే ఎలా మావా, నేను మోసుకొత్తాను గదా" అంటూ ముందుకి పడ్డాడు. అంటే దారిలో ఆయన భుజం మార్చుకోవడానికి ఇక ఎవరూ లేరన్నమాట. తాత చేతిలోని అంబలి బుర్ర నాకిచ్చాడు. ఆనపకాయ ఎండబెట్టి చేసిన బుర్ర, మూతికి ఆకు చుట్టి ఉంది.

కొంత దూరం నడిచాం. తరవాత తాత నాతో అన్నాడు.

"ఒలే గుంటా, మీ నాయనమ్మకి సెప్పు, అటూ ఇటూ కదిలితే కర్ర జారిపోతాదని."

ఆమె ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది. నేను చెప్పాలా వద్దా అని చూస్తుంటే దుప్పట్లోంచి జవాబు వచ్చింది. "మీ తాతకి సెప్పు, నేను కదల్నేదు. ఆయన నడకే వొంకర."

"మీ నాయనమ్మకి సెప్పు, తిన్నగా నడిచే మనిషిని ఎతుక్కోమని."

"మీ తాతకి సెప్పు, ఆ వొంకర కాళ్ళోణ్ణి సంకనేసుకుని ఈ గెడ్డ దాటించింది నేనేనని."

నేను అటు తిరిగి ఒక మాట, ఇటు తిరిగి ఒక మాట చెబుతూనే ఉన్నాను, వాళ్ళకి వినబడనట్టు. ముందు నడుస్తున్న అమ్మ భుజాలు నవ్వుకి ఎగిరిపడుతున్నాయి. నాన్న నవ్వాపుకోలేక దగ్గుతున్నాడు. దగ్గినప్పుడల్లా డోలీ ఊగుతోంది, ఊగినప్పుడల్లా నాయనమ్మ అబ్బా అంటోంది, అబ్బా అన్నప్పుడల్లా తాత నాన్నను తిడుతున్నాడు. అలాంటి ఊరేగింపు ఆ దారి మళ్ళీ చూసి ఉండదు.

కొంచెం సేపటికి తాత గొంతు మారింది. "మీ నాయనమ్మకి సెప్పు. కొర్ర కొత్త నాడు సీకటడేదాకా గుమ్మంలో కూకున్నానని సెప్పు."

దుప్పటి కింద ఆమె చెయ్యి కళ్ళు తుడుచుకున్నట్టు కదిలింది. తరవాత చిన్నగా, "నాకు తెలుసునని సెప్పు" అంది.

నేను తాత వైపు తిరిగి, ఆమెకి తెలుసంట తాతా అని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆ తరవాత ఆయన నాతో ఏ కబురూ పంపలేదు.

గెడ్డ వచ్చింది. నీళ్ళు మోకాళ్ళ లోతే గానీ అడుగున రాళ్ళు పాచి పట్టి ఉంటాయి. సగం దాటాక నాన్న కాలు జారింది. ఒక మోకాలు నీళ్ళలో పడి ముందు కర్ర కిందికి వాలింది. అమ్మ ఓలమ్మో అని కేక పెట్టింది. నాయనమ్మ బరువంతా ముందుకి జారిపోతుంటే తాత కర్రను రెండు చేతులతో ఛాతీకి అదుముకుని వెనక్కి వాలి ఆపాడు. మెడ నరాలు ఉబ్బిపోయాయి.

"అప్పా! గట్టిగా పట్టుకో, అప్పా!"

నాన్న లేచాడు. ఎలాగో ఒడ్డు చేరి డోలీ దించారు. ఆ కుదుపుకి నాయనమ్మ ముఖం పాలిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. అందరం కంగారుపడి చుట్టూ చేరాం. ఆమె దుప్పటి తీసేసి తమ్ముడి వైపే చూస్తోంది. ఏడుస్తోందనుకున్నాం గానీ నవ్వుతోంది.

"ఇంకోపాలి అనరా."

"ఏటి?"

"ఇందాక అన్న మాట."

"నోర్మూసుకో అప్పా, పేణం పోనాది నాకిక్కడ!" అని ఆయన కసిరాడు. కసిరి, పక్కకి తిరిగి తుండుతో ముఖం తుడుచుకున్నాడు.

నా చేతిలో ఉన్న బుర్ర వైపు చూసి నాయనమ్మ, అందులో ఏముందని అడిగింది. అంబలి అన్నాడు. ఇటివ్వమంది. ఆయన వెంటనే ఇవ్వలేదు. "తాగుతావేటి? మా ఇంటిది" అన్నాడు. ఆమె నా చేతిలోంచి బుర్ర లాక్కుని, మూతికున్న ఆకు పీకేసి, గటగటా తాగింది. గడ్డం మీద కారిన అంబలి తుడుచుకుని, ఉప్పు ఎక్కువైందని వంక కూడా పెట్టింది. తాత గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు.

మేం చర్చి చేరేసరికి పాటలు మొదలైపోయాయి. రేకుల కప్పు కింద జనం, డోలు మోత, మామిడాకుల తోరణాలు. తాత డోలీని తిన్నగా లోపలికి మోసుకెళ్ళి ముందు వరసలో దించాడు. దించి తను గుమ్మం దగ్గరికి వచ్చి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. సంత సంగతి బాబాయి గుర్తు చేస్తే, అల్లం ఎక్కడికీ పారిపోదులే అన్నాడు. నాయనమ్మ పాడుతూ పాడుతూ మధ్యలో వెనక్కి తిరిగి చూసేది, ఉన్నాడా పోయాడా అని. ఉన్నాడు.

అడ్డాకుల విస్తళ్ళు వేసి భోజనాలు పెట్టారు. తాత అక్క పక్కనే కూర్చుని తిని, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అప్పుడు నాయనమ్మ నా చెవి పట్టుకుని దగ్గరికి లాగి, సంత రోజున తమ్ముడు ఏ పొద్దుకి ఆ బండ దగ్గరికి వస్తాడో తనకి తెలుసని రహస్యం విప్పింది. నేను ఇంకో మాట అడిగాను, దేవుడు మరి కాలు ఎందుకు బాగు చెయ్యలేదని.

"నాకు తెల్దే" అంది. "నేనూ అడిగేను. కాలు ఇయ్యనేదు. కానీ సూడు, నేను నడిసేదాన్నయితే ఆడు మొకం తిప్పుకుని పక్కనించి ఎలిపోయేవోడు. నడిసే అప్పని దాటి పోతాడు గానీ, డోలీని దాటి పోలేడు కదా."

నొప్పి మంచిదేనా అయితే అని అడిగాను. పిల్ల బుర్రకి తోచిన లెక్క అది.

"మంచిదేటి, దాని మొకం! నొప్పి నొప్పేనే. ఇందాక గెడ్డలో సుక్కలు కనపడ్డాయి నాకు." గుమ్మం మీది సిలువ వైపు గడ్డంతో చూపించింది. "ఆయనకే సిలువ మొయ్యలేక కాళ్ళు తడబడితే, పొలం నించి వొస్తన్న ఎవురో మనిషి భుజం పెట్టేడు. ఆయన వొద్దన్నేదు. మరి నేనెంతే?"

ఆ కాలు ఆ తరవాతా అతకలేదు. నాయనమ్మ బతికినన్నాళ్ళూ ఆ నొప్పి ఆమెతోనే ఉంది. కొన్ని రోజులు దుప్పటి అంచు కరుచుకునే గడిచేవి, ఆ రోజుల్లో దేవుణ్ణి గట్టిగానే నిలదీసేది. నేను ప్రార్థన మానలేదు, పోట్లాడుతూ చెయ్యొచ్చని ఆమెను చూసే నేర్చుకున్నాను. తాత బాప్తిస్మం తీసుకోలేదు. చివరిదాకా తన దేవతనే కొలుచుకున్నాడు. కానీ ప్రతి క్రిస్మస్‌కీ పొద్దున్నే కొత్త వెదురు కర్ర నరుక్కుని మా వాకిట్లో ప్రత్యక్షమయ్యేవాడు. కొర్ర కొత్త నాడు మా నాన్నా బాబాయీ డోలీలో నాయనమ్మను ఆయన ఇంటికి మోసుకెళ్ళేవారు. దేవతకి పెట్టకముందే తీసి ఉంచిన గిన్నె ఒకటి ఆమె కోసం పొయ్యి పక్కన ఉండేది. ఆమె కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకుని మొదటి ముద్ద తినేది, అప్పుడు ఇల్లంతా తినేది.

ఇప్పుడు మా ఊరికి రోడ్డు వచ్చింది. ఆటో చర్చి మెట్ల దాకా వస్తుంది. నాకు అరవై దాటాయి, రెండు మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందని డాక్టరు ఫోటో తీసి మరీ చూపించాడు. ఈ నొప్పి ఎందుకిచ్చావని నేనూ దేవుణ్ణి అడుగుతూనే ఉంటాను. అడుగుతూనే దారి వైపు చూస్తాను, ఎవరొస్తున్నారా అని. ఆ రోజు నుంచి నాకు అంటుకున్న అలవాటు అది.

పోయిన క్రిస్మస్ నాడు ఆటో దిగితే మెట్ల దగ్గర మా అబ్బాయిలిద్దరూ చెయ్యందించడానికి పరిగెత్తుకొచ్చారు. మీరు పోండర్రా అని తరిమేశాను. కాఫీ గింజలు ఆరబోసుకునే కళ్ళం దగ్గర గొడవై, మా తోటికోడలు నాతో మాట్లాడి చాలా రోజులైంది. ఆమె వెనక ఆటోలో వస్తోందని నాకు తెలుసు. మంచులో అలాగే నిలబడ్డాను. ఆమె దిగింది. తల తిప్పుకుని నా పక్కనుంచి మొదటి మెట్టు ఎక్కింది. మోకాలు రానంటోందే, ఓ చెయ్యి పట్టవా అన్నాను. రెండో మెట్టు మీద ఆమె ఆగిపోయింది. వెనక్కి దిగి వచ్చి, నా చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది.

"తూలిపోతావక్కా, గట్టిగా పట్టుకో."

నేను మొదటి మెట్టు మీదే ఆగిపోయాను.

"ఇంకోపాలి అనవే" అన్నాను.